‘వన్’ పత్రిక కేసు కాగితాలు చదివాను: నా అనుభవం

అమెరికా సుప్రీంకోర్టు 1958 జనవరి 13న ఇచ్చిన ఆ తీర్పు ఒకే ఒక్క వాక్యం. పిటిషన్‌ను స్వీకరిస్తున్నాం, తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తీర్పును కొట్టేస్తున్నాం అని. దాని పక్కన ఆరు నెలల కిందట తేలిన ఇంకో కేసు పేరు. అంతే. వాదనలు వినలేదు, కారణాలు రాయలేదు, ఏ జడ్జి రాశారో కూడా చెప్పలేదు. లాస్ ఏంజిలస్‌లో నడిచే ‘వన్’ అనే గే పత్రికను పోస్టాఫీసు ఆపడం చెల్లదని ఆ వాక్యానికి అర్థం. గే మనుషుల గురించి ఆ కోర్టు మొదటిసారి తేల్చిన కేసు అది. అయినా ఆ వాక్యంలో వాళ్ల ప్రస్తావనే లేదు.

దాని వెనక ఏం జరిగిందో తెలుసుకునే పని నాకు హైదరాబాద్ నుంచి వచ్చింది. అక్కడ మా మిత్రులు కొందరు గే, లెస్బియన్, ట్రాన్స్ మనుషుల చరిత్ర మీద తెలుగులో చిన్న చిన్న పుస్తకాలు వేయాలనుకున్నారు. వాళ్లలో ఒకమ్మాయి ఫోన్ చేసి, “అన్నా, మీరు లాస్ ఏంజిలస్‌లోనే ఉన్నారు కదా. ఆ పత్రిక అక్కడిదేనట. దాని కేసు గురించి మీరు రాయండి” అంది. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, లాయర్ని కాదు కదమ్మా అన్నాను. “అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మామూలు మనిషి చదివితే అర్థమవ్వాలి” అంది. నేనూ గే మనిషినే. తెనాలిలో పెరిగాను. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటూ కూడా ఆ పత్రిక ఆఫీసు ఎక్కడుండేదో ఎప్పుడూ వెతకలేదు. ఒప్పుకున్నాను.

ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఆర్కైవ్‌కి పరుగెత్తే ముందు తీర్పులు చదవండి. అవి ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, పెద్దవి కూడా కావు. నేను వెనక నుంచి ముందుకు వెళ్లాను. మొదట సుప్రీంకోర్టు వాక్యం, తర్వాత 1957 ఫిబ్రవరి 27 నాటి అప్పీళ్ల కోర్టు తీర్పు, ఆ తర్వాత 1956 మార్చిలో జిల్లా జడ్జి థర్మండ్ క్లార్క్ చెప్పింది. అలా చదవడం వల్ల, పత్రిక చేతికొచ్చేసరికి ఏ పేజీలో ఏం చూడాలో నాకు తెలిసింది.

అప్పీళ్ల కోర్టు తీర్పు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1954 అక్టోబర్ సంచికలో మూడు విషయాలు అశ్లీలమని ఆ జడ్జీలు తేల్చారు. ఒకటి కథ. చదువుకునే రోజుల్లో తోటి అమ్మాయిని ప్రేమించి కాలేజీ నుంచి వెళ్లగొట్టబడిన ఒక స్త్రీ ఉంటుంది. ఆమెకీ, చిన్ననాటి స్నేహితుడికీ మధ్య ఎవరిని ఎంచుకోవాలో తేల్చుకోలేక నలిగిపోతున్న ఇరవై ఏళ్ల అమ్మాయి ఉంటుంది. చివరికి ఆ అమ్మాయి ఆ స్త్రీతోనే ఉండిపోతుంది. రెండోది ఒక వ్యంగ్య పద్యం. ఆ ఏడాదే ఇంగ్లండ్‌లో లార్డ్ మోంటగు అనే ఆయన్ని స్వలింగ సంపర్కం నేరం కింద జైల్లో పెట్టారు, ఆ గొడవ మీద రాసింది. మూడోది స్విట్జర్లాండ్‌లోని జూరిక్ నుంచి వచ్చే ఒక గే పత్రిక ప్రకటన. ఆ ప్రకటనలో బూతు లేదని కోర్టే అంది, కాకపోతే బూతు ఎక్కడ దొరుకుతుందో చెబుతోందట.

కథ గురించి జడ్జీలు వాడిన మాట చవకబారు బూతు అని. ఆ అమ్మాయి మామూలు పెళ్లి జీవితాన్ని వదులుకోవడం కథకు పరాకాష్ఠ అని కూడా రాశారు. నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. కథలో వాళ్లకు తప్పుగా కనిపించింది ఏ శరీర వర్ణనో కాదు, ముగింపు. ఆ అమ్మాయి చచ్చిపోయినా, పిచ్చిదైపోయినా, పెళ్లి చేసుకుని వెళ్లిపోయినా ఆ కథను ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదేమో. ఆ రోజుల్లో మామూలు దుకాణాల్లో అమ్మే నవలల్లో లెస్బియన్ పాత్రలకు సాధారణంగా పట్టే గతి అదే మరి. ఇక్కడ ఇద్దరు ఆడవాళ్లు కలిసి బతకడానికి సిద్ధపడ్డారు. నేరం అది. తీర్పులో ఇంకో వాక్యం ఉంది. సమాజ ప్రమాణాలు అధిక సంఖ్యాకులు పెట్టేవి, వాళ్ల కోసమే ఉండేవి, మొండిబారిన లేదా బలహీనపడిన ఒక మైనారిటీ కోసం కాదు అని. దానికి ముందు జిల్లా జడ్జి క్లార్క్ ఇంకా సూటిగా అన్నారు, స్వలింగ సంపర్కులను మన ప్రజల్లో ఒక వర్గంగా గుర్తించాలన్న సూచనను తిరస్కరిస్తున్నాం అని. పత్రికలో బూతు ఉందా లేదా అని మొదలైన కేసు, ఈ మనుషులు ప్రజల్లో భాగమా కాదా అన్న చోటికి వచ్చింది.

తర్వాతే ఆర్కైవ్‌కి వెళ్లాను. యూఎస్‌సీ, అంటే యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా గ్రంథాలయాల కింద ఉన్న వన్ ఆర్కైవ్స్ అది. క్యాంపస్‌కి దగ్గర్లో వెస్ట్ ఆడమ్స్ బులవార్డ్ మీద ఉంటుంది. ముందే కేటలాగ్ చూసుకుని ఏ సంచికలు, ఏ ఫోల్డర్లు కావాలో అడిగి, రోజు ఖాయం చేసుకుని వెళ్లాలి. బ్యాగు పక్కన పెట్టాలి, పెన్సిల్‌తోనే రాసుకోవాలి. అక్కడ పనిచేసేవాళ్లు ఎంతో ఓపికగా చెప్పారు. నేను చరిత్ర పరిశోధకుణ్ని కాదని చెప్పినా, తెలుగులో రాయడానికి వచ్చానంటే సంతోషించారు.

‘వన్’ చేతిలో ఇమిడేంత చిన్న పత్రిక. మొదటి సంచిక 1953 జనవరిలో వచ్చింది, ధర 25 సెంట్లు. అంతకు ముందు అక్టోబర్‌లో ఒకరింట్లో జరిగిన కూటంలో, ఎంతసేపూ మనలో మనం మాట్లాడుకోవడమేనా, ఒక పత్రిక పెడదాం అని ఎవరో అనగా మొదలైంది. మార్టిన్ బ్లాక్, డేల్ జెన్నింగ్స్, డాన్ స్లేటర్, డోర్ లెగ్, ఇలా వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. పేరు పెట్టింది బెయిలీ విటేకర్ అనే నల్లజాతి ఉపాధ్యాయుడు. జెన్నింగ్స్‌ను అంతకు ముందు ఏడాది ఒక పోలీసు మఫ్టీలో వెంబడించి అరెస్టు చేశాడు. ఆ రోజుల్లో అలా పట్టుబడినవాళ్లు పరువు కోసం నేరం ఒప్పుకుని జరిమానా కట్టి బయటపడేవాళ్లు. జెన్నింగ్స్ కోర్టులో నిలబడి, నేను స్వలింగ ప్రేమికుణ్నే, కానీ ఈ నేరం చేయలేదు అన్నాడు. జ్యూరీలో పదకొండు మంది అతనివైపు, ఒక్కరు ఎదురు. చివరికి కేసు ఎత్తేశారు. మొదటి సంచికలో అతను రాసింది ఆ అనుభవమే.

సంచికలో పేర్లు చదువుతుంటే పెద్ద సిబ్బందే ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి ఉన్నది కొద్దిమంది, పేర్లే ఎక్కువ. ఆన్ కార్ల్ రీడ్ పేరుతో సంపాదకత్వం చేసింది ఇర్మా వుల్ఫ్. ఈవ్ ఎలోరీ పేరుతో ముఖచిత్రాలు గీసింది ఆమె జీవన సహచరి జోన్ కార్బిన్. డోర్ లెగ్ విలియం లాంబర్ట్ అయ్యాడు. జిమ్ కెప్నర్ ఒక్కడే లిన్ పెడర్సన్‌గా, డాల్ మెకింటైర్‌గా, ఇంకా వేరే పేర్లతో కూడా రాశాడు. కలం పేరు ఇక్కడ సాహిత్యపు సరదా కాదు. 1953 ఏప్రిల్‌లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన 10450 నంబర్ ఉత్తర్వు ప్రకారం ‘లైంగిక వక్రత’ ఫెడరల్ ఉద్యోగంలోంచి తీసేయడానికి ఒక కారణం. ప్రైవేటు కంపెనీలూ అదే బాట పట్టాయి. పేరు బయటపడితే జీతం పోతుంది, ఇల్లు పోతుంది.

నిజం చెప్పాలంటే అమెరికాలో ఇది మొట్టమొదటి గే పత్రిక కాదు. 1924లో షికాగోలో హెన్రీ గెర్బర్ ఒక చిన్న సంఘం పెట్టి, ఒక పత్రిక రెండు సంచికలు తెచ్చాడు. 1925లో పోలీసులు ఇంటి మీద పడ్డారు. కేసు నిలవలేదు కానీ ఉద్యోగం పోయింది. అతను చేసేది పోస్టాఫీసు ఉద్యోగం. 1947లో ఇదే లాస్ ఏంజిలస్‌లో ఒక సినిమా స్టూడియోలో సెక్రటరీగా ఉన్న ఎడిత్ ఐడ్, తర్వాత లిసా బెన్ అని పేరు పెట్టుకున్నావిడ, ఆఫీసు టైప్‌రైటర్ మీద కార్బన్ కాగితాలు పెట్టి లెస్బియన్ల కోసం తొమ్మిది సంచికలు టైపు చేసింది. ఒక్కో సంచికకు పది, పన్నెండు ప్రతులు. పోస్టులో పంపితే ప్రమాదమని స్నేహితులు చెప్పడంతో చేతికే ఇచ్చేది, చదివి ఇంకొకరికి ఇవ్వమనేది. ఆమె మీద నాకు ఎంతో గౌరవం. కానీ ఆ ప్రతులు ఆమెకు తెలిసినవాళ్ల దాకా, వాళ్లకు తెలిసినవాళ్ల దాకా మాత్రమే వెళ్లగలవు. ఎక్కడో నెబ్రాస్కాలో ఒంటరిగా ఉన్న మనిషికి చేరాలంటే పోస్టు ఒక్కటే దారి. ఆ దారి మీద 1873 నాటి కామ్‌స్టాక్ చట్టం కూర్చుని ఉంది. అశ్లీలమైనదేదీ పోస్టులో వెళ్లకూడదు, ఏది అశ్లీలమో ముందు తేల్చేది పోస్టాఫీసే.

1953 ఆగస్టు సంచికను ఆపారు. అట్ట మీద పెద్ద అక్షరాలతో స్వలింగ వివాహం అని వేసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. ఆ హక్కు అమెరికా అంతటా దొరికింది 2015లోనే, మన సుప్రీంకోర్టు 2023 అక్టోబర్‌లో కూడా మేం ఇవ్వలేం అంది. 1953లో వీళ్లు దాన్ని అట్టకెక్కించారు. వాషింగ్టన్ అధికారులు చదివి, తప్పేమీ లేదని వదిలేశారు. అక్టోబర్ సంచిక అట్ట మీద వీళ్లు దానికి జవాబు రాశారు. పోస్టల్ అధికారులు మా పత్రికను భూతద్దం కింద పెట్టి చూశారు, పంపడానికి తగినదే అన్నారు, అందుకు మేం కృతజ్ఞతలు చెప్పం అని. నా చేతిలో ఆ సంచిక ఉంది. వాళ్ల పేర్లు బయటికి వస్తే వీధిన పడతారు. అలాంటి స్థితిలో ఉండి ప్రభుత్వానికి థాంక్స్ చెప్పం అని అట్ట మీద అచ్చేశారు. నేను అక్కడే కూర్చుని చాలాసేపు దాన్నే చూశాను.

ఇక 1954 అక్టోబర్ సంచిక. దీని అట్ట మీద ఉన్న శీర్షిక, ఇది మీరు అచ్చు వేయకూడదు అని. రాసింది ఎరిక్ జుల్బర్, పత్రిక లాయర్. లా చదువు ముగించి ఎక్కువ కాలం కాని కుర్రవాడు, గే కూడా కాదు. పాఠకులు పత్రిక చప్పగా ఉందని ఉత్తరాలు రాస్తుంటే, ఎందుకు చప్పగా ఉండాల్సి వస్తోందో అతను వివరించాడు. స్నేహితులు కావలెను అనే ప్రకటనలు వేయకూడదు. బొమ్మలు రెచ్చగొట్టేలా ఉండకూడదు. కథలో ఇద్దరు మగవాళ్లు ఏడాదిపాటు స్నేహితులుగా ఉన్నారని రాయొచ్చు, ఆ రాత్రి ఏం చేశారో రాయకూడదు. పాత్రలు చేతులు పట్టుకోకూడదు, మోకాళ్లు తగలకూడదు, ఒకరి ముందు ఒకరు బట్టలు మార్చుకోకూడదు. ఇంత జాగ్రత్తగా, లాయర్ ప్రతి పేజీ చూసి పంపిన సంచికనే లాస్ ఏంజిలస్ పోస్ట్‌మాస్టర్ ఒటో ఓలెసెన్ ఆపేశాడు. ఆ కథ మొత్తం చదివాను. ఇవాళ టీవీ సీరియల్లో భార్యాభర్తల మధ్య చూపించేదాంట్లో పదో వంతు కూడా అందులో లేదు. కణత మీద ఒక స్పర్శ ఉంది, అంతే.

ఇక్కడ నా సొంత సంగతి కొంచెం చెప్పాలి. తొంభైల్లో నేను ఇంటర్ చదివేటప్పుడు మన వారపత్రికల్లో డాక్టరు జవాబుల శీర్షికలు వచ్చేవి. నాలాంటివాడు ఎవరో పేరు దాచుకుని ప్రశ్న అడిగేవాడు. మంచి అలవాటు కాదు, మనసు చదువు మీద పెట్టండి, పెళ్లయితే అదే సర్దుకుంటుంది అని జవాబు వచ్చేది. తెలుగులో మా గురించి అచ్చులో నేను చూసింది అదొక్కటే. 1990లో ముంబయిలో అశోక్ రావ్ కవి, ఆయన స్నేహితులు ‘బాంబే దోస్త్’ అనే గే పత్రిక మొదలుపెట్టారనీ, అంతకు ముందే 1986లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఇద్దరు భారతీయులు ‘త్రికోణ్’ పెట్టారనీ నాకు అమెరికా వచ్చాకే తెలిసింది. అందుకే ‘వన్’ పాఠకుల ఉత్తరాల పేజీలు నన్ను పట్టేశాయి. పేరు ఉండదు, ఒక అక్షరం, ఊరు పేరు. మీ పత్రిక చూసేదాకా లోకంలో ఇలా నేనొక్కణ్నే అనుకున్నాను అన్న మాటే రకరకాలుగా. కొందరు తిట్టారు కూడా, ఇంత బహిరంగంగా రాస్తే మా బతుకులు బయటపడతాయి అని. ఆ భయం నాకు తెలియనిది కాదు, వాళ్లను తప్పు పట్టలేను.

కేసు నడిపిన తీరు గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది సుప్రీంకోర్టు దయ చూపిందన్నట్టు రాస్తారు. 1955లో వీళ్లు పోస్ట్‌మాస్టర్ మీద దావా వేశారు. జుల్బర్ ఫీజు తీసుకోలేదు. పౌరహక్కుల పెద్ద సంస్థ ఏసీఎల్‌యూ అప్పట్లో వీళ్ల పక్షాన లేదు. స్వలింగ సంపర్కాన్ని నేరం చేసే చట్టాలు రాజ్యాంగబద్ధమేనని 1957 జనవరిలో ప్రకటన కూడా చేసింది. ఈలోగా ఎఫ్‌బీఐ వచ్చింది. 1955 నవంబర్ సంచికలో, పెద్ద పెద్ద చోట్ల, ఎఫ్‌బీఐలో కూడా మనవాళ్లున్నారని ఒక వ్యాసం వచ్చింది. అది డైరెక్టర్ ఎడ్గర్ హూవర్ దాకా వెళ్లింది. ఏజెంట్లు ఆఫీసుకొచ్చి రాసిందెవరో చెప్పమన్నారు. చెప్పలేదు. జిల్లా కోర్టులో ఓడారు. అప్పీల్లో ముగ్గురు జడ్జీలూ ఒకే మాట మీద ఓడించారు. ఇంత జరుగుతున్నా పత్రిక ఆగలేదు. ప్రతి నెలా టైపు చేసి, కవర్లలో పెట్టి, స్టాంపులు అంటించి అదే పోస్టాఫీసుకి తీసుకెళ్లేవాళ్లు. డోర్ లెగ్ తన ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ వృత్తి వదిలేసి సౌత్ హిల్ స్ట్రీట్ మీది ఆ ఇరుకు గదుల్లో పూర్తిగా దీనికే కూర్చున్నాడు. ఓడిపోయిన పత్రిక మూతపడి ఉంటే పై కోర్టుకు వెళ్లేవాళ్లే ఉండేవాళ్లు కాదు. గెలుపులో సగం ఈ నెలనెలా పనిదే అని నేను నమ్ముతున్నాను.

1957 జూన్‌లో సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. అదే నెల 24న సుప్రీంకోర్టు ఇంకో కేసు తేల్చింది. శామ్యూల్ రాత్ అనే న్యూయార్క్ పుస్తక వ్యాపారిది. రాత్ ఓడిపోయాడు, అతని జైలుశిక్ష ఖాయమైంది. కానీ అతన్ని ఓడిస్తూ కోర్టు కొత్త కొలత పెట్టింది. సెక్స్ గురించి మాట్లాడినంత మాత్రాన అశ్లీలం కాదు. మొత్తం రచన చూడాలి, ఏదో ఒక ముక్క కాదు. సగటు మనిషికి, నేటి సమాజ ప్రమాణాల ప్రకారం, దాని ముఖ్య ఉద్దేశం కామోద్రేకమేనా అని అడగాలి. అంతకు ముందు అక్కడా, ఇంగ్లండ్‌లోనూ, మన దేశంలోనూ ఉన్నది 1868 నాటి హిక్లిన్ పరీక్ష. తేలిగ్గా చెడిపోయే మనసున్నవాళ్లు ఎవరైనా ఇందులో ఏ ముక్కైనా చదివి చెడిపోతారా అని అడిగేది. ఆ పరీక్ష ముందు నిలబడే పుస్తకం ఏదీ ఉండదు.

మన తెలుగువాళ్లకు ఆ విక్టోరియా కాలపు కొలత బాగా తెలుసు. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ పరిష్కరించి అచ్చు వేయించిన ముద్దుపళని కావ్యాన్ని బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చే సమయానికి టంగుటూరి ప్రకాశం పంతులు చొరవతో గానీ ఆ నిషేధం పోలేదు. అమెరికా 1957లో హిక్లిన్‌ను వదిలేస్తే, మన సుప్రీంకోర్టు 1964లో ముంబయి పుస్తక వ్యాపారి రంజిత్ ఉదేశీ కేసులో దాన్నే పట్టుకుంది. చివరికి 2014లో అవీక్ సర్కార్ కేసులో పక్కన పెట్టింది. అంటే ‘బాంబే దోస్త్’ మొదలైనప్పుడు మన దేశంలో హిక్లిన్ నడుస్తోంది, స్వలింగ సంపర్కాన్ని నేరం చేసిన శిక్షాస్మృతి 377వ సెక్షన్ నడుస్తోంది, అశ్లీల వస్తువులను పోస్టులో పంపకూడదనే 1898 పోస్టాఫీసు చట్టం 20వ సెక్షన్ కూడా నడుస్తోంది. వాళ్లు ఎంత తెగువతో ఆ పని మొదలుపెట్టారో ‘వన్’ కేసు చదివాకే నాకు పూర్తిగా అర్థమైంది.

1958 జనవరిలో వచ్చిన ఒక్క వాక్యం పక్కన ఉన్న కేసు పేరు ఈ రాత్‌దే. ఈ కొలతతో చూస్తే కింది కోర్టు తీర్పు నిలవదు అని. అదే రోజు, రిపోర్టుల్లో దీని తర్వాతి పేజీలోనే, నగ్నంగా ఎండలో గడపడాన్ని ప్రచారం చేసే ఇంకో పత్రికను కూడా ఇలాగే ఒక వాక్యంతో వదిలేశారు. ఈ తీర్పు స్వలింగ ప్రేమను నేరం కాకుండా చేయలేదు. కాలిఫోర్నియాలో ఆ చట్టం 1970ల నడిమి దాకా ఉంది. పోలీసుల దాడులు ఆగలేదు. కానీ కవరు అడ్డు లేకుండా వెళ్లడం మొదలైంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో అప్పటికే మొదలైన ‘మాటషీన్ రివ్యూ’, లెస్బియన్ల ‘ది లాడర్’ కూడా ఈ నీడలోనే నడిచాయి. 1962లో హెర్మన్ లిన్ వొమాక్ అనే ఆయన మగవాళ్ల దేహదారుఢ్య పత్రికల కోసం మళ్లీ పోస్టాఫీసుతో సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచాడు. ‘వన్’ కూడా అరవైల్లో లోపలి గొడవలతో చీలిపోయింది, ఆ దశాబ్దం దాటి ఎక్కువ కాలం నిలవలేదు. అది వేరే కథ, బాధాకరమైనది.

రాసి పంపాను. హైదరాబాద్‌లో అమ్మాయిలు డీటీపీ చేయించి ఒక ప్రెస్‌కి ఇచ్చారు. అడ్వాన్సు కూడా తీసుకున్న ప్రెస్ యజమాని తర్వాత ఫోన్ చేసి, “మేడమ్, మేం శుభలేఖలు వేస్తాం, దేవుడి పుస్తకాలు వేస్తాం. ఇది మా ప్రెస్ పేరుతో బయటికి వెళ్తే బాగుండదు” అన్నారట. ఏ పేజీలో అభ్యంతరమో చెప్పండి, చూస్తాం అని వీళ్లు అడిగారు. నేను లోపల చదవలేదు, అట్ట చూశాను అన్నారట. ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండిపోయింది. 2018లో స్వలింగ ప్రేమ మీద 377 పోయాక కూడా ఇదా అని. ఆ అమ్మాయే నన్ను సముదాయించింది. “అన్నా, పుస్తకం మీద ప్రింటర్ పేరు ఉంటుంది కదా, ఆయన భయం ఆయనది. ఇంకో ప్రెస్ చూస్తాం” అంది. రెండో ప్రెస్ పెద్దాయన మొత్తం చదివి, “ఇది కోర్టు కేసు కథ కదమ్మా, వేద్దాం” అని, ప్రూఫుల్లో మేం వదిలేసిన అచ్చుతప్పులు కూడా దిద్ది ఇచ్చారు.

పుస్తకం వచ్చింది. అడిగినవాళ్లకు కవర్లో పెట్టి పోస్టులో పంపుతున్నారు. ఖమ్మం నుంచి, అనకాపల్లి నుంచి, దుబాయ్ నుంచి కూడా అడిగారు. కొందరు కవరు మీద పంపినవాళ్ల పేరు వేయొద్దన్నారు, వేయట్లేదు.

ఇప్పుడు వాళ్లు తర్వాతి పుస్తకం మొదలుపెట్టారు, మన పత్రికల మీద. దానికోసం పాత ప్రతులు వెతుకుతున్నాం. తొంభైల్లో ‘బాంబే దోస్త్’, ‘త్రికోణ్’, ఇంకా చిన్న చిన్న న్యూస్‌లెటర్లు తెప్పించుకుని బట్టల కింద దాచుకున్నవాళ్లు తెలుగునాట ఉన్నారని నాకు తెలుసు, ఇద్దరు ముగ్గురు స్వయంగా చెప్పారు. మీ దగ్గర ఉంటే ఇల్లు మారేటప్పుడు పారేయకండి. తుప్పు పట్టిన పిన్నులు మెల్లగా తీసేసి, మడతలు విప్పి, పొడిగా ఉండే చోట అడ్డంగా పడుకోబెట్టండి. లామినేషన్ చేయించకండి, కాగితం పాడైపోతుంది. ఫోన్‌తో ప్రతి పేజీ ఫొటో తీసి పెట్టుకోండి, వెనక అట్ట కూడా. ఆ పత్రిక వచ్చిన కవరు ఇంకా ఉంటే దాన్నీ ఉంచండి. మీ అడ్రస్ కనబడకుండా కాగితం కప్పి తీసినా పర్వాలేదు, పోస్టాఫీసు ముద్ర, తేదీ, ఊరు మాత్రం ఫొటోలో స్పష్టంగా కనిపించేలా చూడండి.